ఆపరేషన్ శంఖం-69

తూత్తుకుడి సముద్రంలో నేవీ డైవర్ మునియాండి నీళ్ళు చీల్చుకుని పైకి వచ్చాడు. ముఖం కమిలిపోయింది. నోట్లో ఉండాల్సిన రెగ్యులేటర్ చేతిలో ఉంది. దాన్ని పడవలోని ఆఫీసర్‌కి ఎత్తి చూపించాడు.

"గాలి నిలిచిపోయింది సార్! దీంట్లో ఎవడో..."

అంతే. పక్కన వలలు ఆరేసుకున్న లాంచీలోంచి చప్పుడు చెయ్యని తుపాకీ ఒకటి పేలింది. మునియాండి నుదుటి మీద ఎర్రటి చుక్క పడింది. లాంచీ మలుపు తిరిగి మాయమైంది. వెతగ్గా వెతగ్గా శవం దొరికింది. రెగ్యులేటర్ దొరకలేదు.

*

పోదనూరు జంక్షన్. ఫస్ట్‌క్లాస్ వెయిటింగ్ రూమ్‌లో పేపర్ చదువుతున్న పెద్దమనిషి ఎదురుగా కృష్ణరాజ్ కూర్చున్నాడు.

"బండికి నీళ్ళు ఎక్కించినారా?"

"ఎక్కించినారు. తీపి నీళ్ళు."

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి పేపర్ మడిచాడు. ఆయన వరదరాజన్, కృష్ణరాజ్ పనిచేసే గూఢచార బ్యూరోకి సౌత్ చీఫ్.

"నువ్వు ఈ పక్క పీళమేడు పిల్లవాడివే కదా. అక్కడి రంగనాయకి పంప్ వర్క్స్ తెలుసా?"

"మిల్లులకి పంపులు చేసేవాళ్ళు. నీళ్ళ కింద ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్లు కూడా చేస్తారని విన్నాను. సముద్రమే లేని ఊళ్ళో!"

"దేశంలో వాళ్ళొక్కరే చేస్తారు. శంఖం అని పేరు. కొత్త మోడల్ శంఖం-69. నేవీ డైవర్లందరికీ అదే ఇవ్వాలని నిర్ణయం అయింది. మునియాండి నోట్లో ఉన్నది అదే." వరదరాజన్ గొంతు తగ్గించాడు. "ఆ మోడల్ చెడ్డపేరు తెచ్చుకుంటే నేవీ విదేశీ సరుకు కొనాలి. అమ్మడానికి వాల్డెన్ సిద్ధంగా ఉన్నాడు. పైకి మిల్లు మెషినరీ ఏజెంట్. లోపల డాల్ఫిన్ అనే గూఢచారి ముఠాకి నాయకుడు. వాడి సరుకు వచ్చిందంటే మన డైవర్ల ఊపిరి వాడి గుప్పిట్లో ఉన్నట్టే."

"ఫ్యాక్టరీలో వాడికి మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడు. ఎవడో నువ్వు తేల్చాలి. కంపెనీ వాళ్ళు శంఖం మోడళ్ళ చరిత్ర మీద సావనీర్ వేస్తున్నారు. అది రాసే రైటర్‌వి నువ్వు." ఆయన ఒక మిల్లు బాబిన్ చేతిలో పెట్టాడు. "పైన దారం, లోపల కెమెరా. ఇంకొకటి. వాల్డెన్ సెక్రటరీ మన మనిషి. పంకజం."

బాబిన్ మీద కృష్ణరాజ్ వేళ్ళు ఆగిపోయాయి.

మద్రాసులో అతనూ పంకజమూ కలిసి ఒక కేసు చేశారు. కేసు ముగిసిన రోజు కృష్ణరాజ్ పెళ్ళి మాట ఎత్తాడు. "చూద్దాం" అని నవ్వి రైలెక్కింది. ఆ "చూద్దాం" కోసం అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"శంఖం-69 డిజైన్ చేసినవాడు లక్ష్మణన్. అతన్ని ప్రేమలో పడెయ్యమని వాల్డెన్ ఆమెకి ఆర్డర్ ఇచ్చాడు. పడేస్తోంది. అంతా నటనే."

"నటనే," అన్నాడు కృష్ణరాజ్. తను అడిగాడో, ఒప్పుకున్నాడో తనకే తెలియలేదు.

*

ఫ్యాక్టరీలో టెస్టింగ్ చీఫ్ తిరుమలై అతన్ని అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళాడు. తెల్లజుట్టు, నుదుట సన్నటి నామం, మనవణ్ణి చూసినట్టు మోడళ్ళ మీద చూపు.

"ఇది శంఖం-57, తంబీ. మొదటిది. నేను చేసింది. మెడకి రెండు పక్కలా రెండు గొట్టాలు చూడండి. ఒకదాంట్లో గాలి వచ్చును, ఇంకొకదాంట్లో పోవును. బావి పంపు వాల్వు చూసి నాకి ఈ ఆలోచన తట్టింది. కానీ లోతుకి పోయేకొద్దీ గాలి లాగేది కష్టంగా ఉండేది, చేంతాడుతో నీళ్ళు తోడినట్ల."

"ఇది?"

"శంఖం-62. గొట్టాలు రెండే, కానీ సిలిండర్ ప్రెషర్‌ని ఒకేసారి కాకుండా రెండు మెట్లలో దించినాను. ఇంట్లో తిన్నెమీద కూర్చుని పీల్చినట్లుంటాది. ఇన్నేండ్లూ నేవీ దీన్నే నమ్ముకునింది. ఒక్క ప్రాణం పోలేదు."

మూడోదాని దగ్గరికి ఆయన వెళ్ళలేదు. దూరంగా నిలబడే చెయ్యి చూపించాడు. అది శంఖం-69. గొట్టం ఒకటే. నోటి దగ్గర చిన్న గిన్నెలాంటి పెట్టె. సిలిండర్ ఖాళీ కావొచ్చినా ఊపిరి బరువెక్కదు.

"అది లక్ష్మణన్‌ది. నేనే వాణ్ణి అప్రెంటిస్‌గా చేర్చుకున్నా. నా రెండిటి మీదా కంపెనీ పేరు చెక్కినారు. దాని మీద మాత్రం వాడి పేరు చెక్కినారు."

కిటికీ అవతల ఎవరో గట్టిగా నవ్వారు. కృష్ణరాజ్ తొంగి చూశాడు. ఒత్తయిన ఉంగరాల జుట్టు కుర్రాడు స్కూటర్ స్టార్ట్ చేస్తున్నాడు. వెనక సీట్లో నల్లకళ్ళద్దాలు, నీలం నైలాన్ చీర. పంకజం. ఆమె చెయ్యి అతని భుజం మీద ఉంది.

"వాడు నవ్వితే నాకి చెవుల్లో సీసం పోసినట్లుంటాది తంబీ," అన్నాడు తిరుమలై.

ఆ ముసలాయన మీద కృష్ణరాజ్‌కి ఉన్నపళంగా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆనాటి నుంచి లక్ష్మణన్‌ని నీడలా వెంటాడాడు. రేస్‌కోర్స్ రోడ్డులో, సినిమా హాలు మెట్ల మీద, మరుదమలై గుడి దారిలో బాబిన్ కెమెరా క్లిక్కుమంటూనే ఉంది. రీల్ కడిగి చూస్తే సగం ఫోటోల్లో పంకజం జూకాలే ఉన్నాయి. నేరం ఒక్క ఫోటోలోనూ లేదు. అయినా రిపోర్ట్ పంపాడు: "ద్రోహి లక్ష్మణన్. సందేహం లేదు."

బ్యూరో వెంటనే కదిలింది. నేవీ పెద్దల ముందు జరగబోయే ప్రదర్శన సాకుతో లక్ష్మణన్‌ని కాపలా మధ్య తూత్తుకుడి పంపించారు. రెగ్యులేటర్ల ఆఖరి తనిఖీ తిరుమలై చేతికి అప్పగించారు.

*

ప్రదర్శన రోజు పొద్దున, తూత్తుకుడి వెళ్తూ మదురైలో ఆగిన కృష్ణరాజ్‌కి పంకజం నుంచి కబురు వచ్చింది. మేలమాసి వీధిలో వాళ్ళ నాన్న స్టీలు పాత్రల కొట్టుకి రమ్మంది. కృష్ణరాజ్ వెనకగదిలో అడుగుపెట్టగానే ఆమె విరుచుకుపడింది.

"రిపోర్ట్‌లో ఏం రాసినారు మీరు? కళ్ళు తెరుచుకునే రాసినారా?"

"అతనితో నువ్వు తిరగడం చూసి రాశాను."

"తిరగమని వాల్డెన్ చెప్పినాడు, వరదరాజన్ సార్ సరే అన్నాడు. మీకేమి నొప్పి?" ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల లిప్‌స్టిక్ లేదు. సన్నటి తెల్ల పిన్ను ఉంది. "వాల్డెన్ సూట్‌కేసులో దొరికింది. పట్టుకుని చూడండి, బరువే లేదు."

ఆమె గిన్నెలో నిమ్మకాయ పిండి పిన్నును అందులో వేసింది. రసం బుసబుస పొంగింది. చూస్తుండగానే పిన్ను సన్నబడింది.

"మెగ్నీషియం!" అన్నాడు కృష్ణరాజ్. "శంఖం-69లో గాలిని వదిలే లివర్‌ని పట్టి ఉంచేది ఇలాంటి పిన్నే. లోపలి ఇత్తడి భాగాల పక్కన దీన్ని పెట్టి ఉప్పునీళ్ళలో ముంచితే కరిగిపోతుంది. లివర్ జారుతుంది. గాలి బంద్."

"ఫ్యాక్టరీ తొట్టిలో ఉండేది సిరువాణి తీపి నీళ్ళు. ఉప్పు ఏది? అక్కడ అన్నీ పాసే."

"లక్ష్మణన్‌కి ఇది..."

"తెలిసుంటే ఈ పూట తనే తగిలించుకుని దిగుతాడా? మీ రిపోర్ట్‌తో అందరూ తనని దొంగని చూసినట్ల చూస్తా ఉండారని రోషం వచ్చింది అతనికి. నేవీ డైవర్లకంటే ముందు నేనే దిగి చూపిస్తానన్నాడు!"

కృష్ణరాజ్ కరుగుతున్న పిన్నువైపు చూశాడు. "ఆఖరి తనిఖీ చేసింది తిరుమలై."

"ఆయన మీద ఒక్క తూరన్నా అనుమానం రాలేదా మీకి?"

"రాలేదు."

"ఎందుకు?"

అతను తల దించుకున్నాడు. "లక్ష్మణన్‌ని ఆయన నాలాగే ద్వేషించాడు. అందుకని ఆయన నాకు నచ్చాడు."

పంకజం కారు తాళాలు తీసుకుంది. "ట్రంక్ కాల్ బుక్ చేసినా. హార్బర్ లైన్ ఎవరో కోసేసినారు. రండి, పోదాం."

*

తిరుమంగళం దగ్గర రైల్వే గేటు వేసి ఉంది. పంకజం బ్రేకు వేసింది. చెట్టు చాటున ఆగిన కారులోంచి తెల్లసూటు మనిషి దిగి, తాపీగా ఆమె వైపు తలుపు దగ్గరికి వచ్చాడు. చేతిలో పిస్టల్. వాల్డెన్.

"గుడ్ గర్ల్, పంకజం. ఇతని కోసమే కాపు కాశాను, నువ్వే తీసుకొచ్చావు."

"తెచ్చినాను సార్," అని ఆమె తియ్యగా నవ్వింది.

ఇన్నాళ్ళూ తను ఎవణ్ణి చూసి కుళ్ళుకోవాలో కూడా తప్పు లెక్కే వేశానా అనుకున్నాడు కృష్ణరాజ్.

పంకజం గొళ్ళెం తీసి, రెండు కాళ్ళతో తలుపును ఫెడీమని తన్నింది. తలుపు అంచు వాల్డెన్ మణికట్టుకి తగిలింది. పిస్టల్ ఎగిరిపడింది. కృష్ణరాజ్ కారు దిగి ముందునుంచి దూకి దవడ మీద ఒక్కటిచ్చాడు. తెల్లసూటు దుమ్ములో దొర్లింది.

వాల్డెన్‌ని గేటు స్తంభానికి కట్టేసి, గేట్‌మన్‌కి బ్యూరో కార్డు చూపించారు. "మేము మనిషిని పంపేదాకా వీణ్ణి వదలొద్దు. గేటు తియ్యి!"

"రైలు పోయినాకనే తీస్తాను సార్," అన్నాడు గేట్‌మన్. కార్డు ఎవరిదైనా అతనికి ఒకటే.

రైలు పోయింది. కారు ఎగిరి ముందుకు దూకింది.

"నేను వాడి మనిషినని నమ్మినారు కదా?" అడిగింది పంకజం.

"లేదు."

"అబద్ధం."

*

తూత్తుకుడి సముద్రంలో పాత పడవ ఒకటి మునిగి ఉన్న చోట నేవీ బార్జ్ లంగరు వేసింది. ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చున్నారు. తర్వాత దిగాల్సిన డైవర్లు శంఖం-69లు తగిలించుకుని వరసగా నిలబడ్డారు. ఆ పడవ గదుల్లోంచి దూరి అవతలికి రావడం పరీక్ష. లక్ష్మణన్ అప్పటికే దిగాడు. నీటి మీద బుడగలు పైకి తేలుతున్నాయి. అంచున తిరుమలై చేతులు కట్టుకుని వాటినే చూస్తున్నాడు.

మోటార్ బోటులోంచి కృష్ణరాజ్, వెనకే పంకజం బార్జ్ ఎక్కారు. కృష్ణరాజ్ అరిచాడు.

"ఎవరూ దిగకండి! రెగ్యులేటర్లు తీసెయ్యండి!"

అదే క్షణంలో బుడగలు ఆగిపోయాయి.

సేఫ్టీ డైవర్ కోసం పెట్టిన సెట్ ఒక్కటే పక్కన ఉంది. రెండు గొట్టాల శంఖం-62. కృష్ణరాజ్ దాన్ని లాక్కుని వీపుకి తగిలించుకుంటూ తిరుమలై కళ్ళలోకి చూశాడు.

"దీన్నీ పాడుచేశారా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "అది నేను చేసింది తంబీ. దాన్ని పాడుచేసేదానికి నాకి చేతులు ఎట్ల వచ్చును?"

కృష్ణరాజ్ దూకేశాడు.

కింద నీళ్ళు బురదబురదగా ఉన్నాయి. పడవ గదిలో, విరిగిన దూలం కింద లక్ష్మణన్ కొట్టుకుంటున్నాడు. పైకి పోవడానికి దారి లేదు. ముందుకు దూరితేనే బయటపడతాడు, దూరడానికి ఊపిరి లేదు. నోటి దగ్గరి పెట్టెను పిడికిలితో గుద్దుతున్నాడు. అందులోంచి ఒక్క బుడగ రావడం లేదు.

కృష్ణరాజ్ అతని భుజం పట్టుకున్నాడు. ఆ భుజమే. స్కూటర్ మీద పంకజం చెయ్యి వేసిన భుజం. నోట్లో చల్లటి గాలి ఉంది, అది తనది. వదలకపోతే ఎవరూ అడగరు. ఆలస్యంగా వచ్చానంటే చాలు. ఆ ఆలోచన నిజంగా వచ్చింది. వచ్చినందుకు ఒళ్ళు జలదరించింది.

మౌత్‌పీస్ నోట్లోంచి తీసి లక్ష్మణన్ నోటికి పెట్టాడు.

లక్ష్మణన్ ఆబగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఆ కళ్ళలో ప్రాణం తిరిగి రావడం కృష్ణరాజ్ దగ్గరగా చూశాడు. మౌత్‌పీస్ వెనక్కి వచ్చింది. ఇతను పీల్చాడు, అతనికి ఇచ్చాడు. ఒకే గాలిని ఇద్దరూ వంతులేసుకుంటూ, ఒకరినొకరు పట్టుకుని, ఆ చీకటి గదిలోంచి పాకుతూ వెలుతురులోకి వచ్చారు.

నీటి పైకి తేలగానే పంకజం కృష్ణరాజ్ కాలర్ పట్టుకుని లాగింది. ఏడుస్తోంది, తిడుతోంది. "నీళ్ళలో దిగి ఎన్నాళ్ళయింది మీకి? బుద్ధుందా మీకి?" అతనికి ఆ తిట్లు నాదస్వరంలా వినిపించాయి.

తిరుమలై పారిపోలేదు. చేతులు తనే ముందుకు చాచాడు.

"మునియాండిని చంపుతారని నాకి తెలీదు. మోడల్ పేరు పోతే చాలనుకున్నా. ఆనాడే నిజం చెప్పి ఉండాల. వీడి నవ్వు వింటే నోరు రాలేదు."

కృష్ణరాజ్ ఆయనకి సంకెళ్ళు వేశాడు. కానీ ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు.

*

తూత్తుకుడి ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరినీ పడుకోబెట్టారు. వరదరాజన్ వచ్చి, డాల్ఫిన్ ముఠా మొత్తం దొరికిందనీ, మునియాండిని కాల్చినవాడు కూడా లాంచీతో సహా పట్టుబడ్డాడనీ చెప్పాడు. శంఖం-69కి ఇత్తడి పిన్నులే బిగించి మళ్ళీ పరీక్షిస్తారట, ఈసారి ఉప్పునీళ్ళలో. "నీ రిపోర్ట్ చింపేశాను," అని కృష్ణరాజ్ చెవిలో అని వెళ్ళిపోయాడు.

లక్ష్మణన్ పక్కకి తిరిగాడు. "అన్నా, మీ ఊపిరిలో సగం నాకిచ్చినారు. నా జన్మలో మరవను." అని నవ్వాడు. మంచి నవ్వు. ఆ సంగతి ఒప్పుకోవడానికి కృష్ణరాజ్‌కి కొంచెం సమయం పట్టింది.

నర్సు ఆరోగ్యమేరి వచ్చి కృష్ణరాజ్ చెయ్యి పట్టుకుని నాడి చూడసాగింది. అప్పుడే పంకజం లోపలికి వచ్చింది. చేతిలో పొగలు కక్కే హార్లిక్స్. ఒకే గ్లాసు. రెండు మంచాలవైపూ చూసింది. నేరుగా నడిచి వెళ్ళి లక్ష్మణన్ పక్కన కూర్చుంది. గ్లాసు ఊదింది.

ఆరోగ్యమేరి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏంది సార్, నాడి ఇట్ల ఎగురుతా ఉండాది? ఉప్పునీళ్ళు ఎక్కువ మింగినారా?"

"లేదు సిస్టర్," అన్నాడు కృష్ణరాజ్ పక్క మంచంవైపు చూస్తూ. "హార్లిక్స్."