పాటుకు తిరగని ఓడ

బుధవారం ఉదయం 6.10. రేవు గోడ కింద, రాళ్ల మధ్య శవం.

చనిపోయింది ఒక ఆయిల్ ట్యాంకర్‌లో పనిచేసే పంప్‌మ్యాన్. వయసు ముప్పై ఒకటి. ఒంటిమీద ఉతికిన చొక్కా. జేబులో సగం ఖాళీ అయిన మందు సీసా.

మంగళవారం రాత్రి పదిగంటల పడవలో ఒడ్డుకొచ్చాడని, తాగి పడిపోయుంటాడని ఆ ఓడ కెప్టెన్ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ఓడ గురువారం సాయంత్రం అయిదుకు బయలుదేరాలి.

శవాన్ని గుర్తుపట్టడానికి అక్క వచ్చింది. రేవులో ఓడల సిగ్నళ్లు చూసే ట్రాకింగ్ గదిలో ఆమె ఉద్యోగి. ఏడవలేదు. చొక్కా వైపు చూసింది.

"మా తమ్ముడు పై గుండీ ఎప్పుడూ పెట్టుకోడు సార్. ఈ చొక్కా ఎవరో తొడిగారు."

"మేం చూస్తాం. కోపం తగ్గించుకోమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పైవాడు అన్నీ చూస్తూనే ఉంటాడు."

"చూసి ఊరుకున్నవాళ్లను ఏం చేస్తాడు సార్?"

ఆ ప్రశ్న ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కాలేదు. తనకోసం ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టే భార్య గుర్తొచ్చింది. ఆమెనడిగినా జవాబు చెప్పగలదా?

మధ్యాహ్నానికి పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది. ఊపిరితిత్తుల్లో సముద్రపు నీరు లేదు. కడుపులో మందు లేదు. నాలుగు పక్కటెముకలు విరిగాయి. చెవుల్లో ముడిచమురు. మంగళవారం మధ్యాహ్నం దెబ్బ తగిలాక రెండు మూడు గంటలు బతికున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నేరుగా ట్రాకింగ్ గదికి వెళ్లాడు. ఆమె మంగళవారం నాటి స్క్రీన్ ప్రింట్లు ముందు పెట్టింది. తీరిగ్గా చూడమంది. కాసేపాగి అదే మాట మళ్లీ అంది. అతను సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

గురువారం మధ్యాహ్నం 2.15. అదే గది. కెప్టెన్, అక్క, ఓడ వ్యవహారాలు చూసే ఏజెంట్. మనిషి రాకముందే వాసన వస్తుందని రేవులో అందరూ అతన్ని సెంటు ఏజెంట్ అంటారు.

"మంగళవారం ఓడ ఎక్కడుంది?"

"లంగరు వేసుకుని ఇక్కడే ఉంది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా కదల్లేదు" అన్నాడు కెప్టెన్. "మీ స్క్రీనే చెప్తోందిగా."

"చమురు ఎక్కించారా?"

"లంగరు వేసిన చోట చమురెక్కడిది?"

"మరి చెవిలో ఎలా ఉంది?"

"పంప్‌మ్యాన్ చెవిలో చమురు కాక పన్నీరుంటుందా?" సెంటు ఏజెంట్ నవ్వాడు.

"అది మీ దగ్గరుంటుంది లెండి." ఇన్‌స్పెక్టర్ ప్రింటు పరిచాడు. "ఇవి పదకొండు ఓడలు. లంగరు వేసిన ఓడ నీళ్లు ఎటు నుంచి వస్తే అటు ముక్కు తిప్పుతుంది. నిన్న ఇక్కడే కూర్చుని కళ్లారా చూశాను. మంగళవారం 1.20కి పోటు ఆగి పాటు మొదలైంది. నీళ్లు వెనక్కి తీశాయి. రెండయ్యేసరికి పది ఓడలూ ముక్కు తిప్పాయి. మీది మాత్రం తొమ్మిది గంటలూ ఈశాన్యానికే చూస్తూ కూర్చుంది. సముద్రానికి మీరంటే అంత మర్యాదా?"

కెప్టెన్ ప్రింటు దగ్గరికి లాక్కున్నాడు.

"సిగ్నల్ ఇక్కడుంది. ఓడ లేదు. దొంగ సిగ్నల్ పంపే పెట్టె ఇవాళ పన్నెండింటికి ఏజెంట్‌గారి పడవలో, సీటు కింద దొరికింది."

మిగతాది ఇన్‌స్పెక్టర్ వరసగా చెప్పాడు. ఆంక్షలున్న దేశపు చమురును మంచి కంపెనీలు ముట్టుకోవు. తుక్కుకు పోవాల్సిన ఓడలు, ఇన్సూరెన్స్ లేని ఓడలు దానికోసం దొంగచాటుగా వెళ్తాయి. మంగళవారం నడిసముద్రంలో మరో ఓడ నుంచి ఈ ట్యాంకర్ చమురు తోడుకుంటుండగా పాత గొట్టం తెగి పంప్‌మ్యాన్‌ను కొట్టింది. చనిపోయాక చొక్కా మార్చి, జేబులో సీసా పెట్టి, రాత్రి తెచ్చి రాళ్ల మధ్య పడేశారు.

"వైర్‌లెస్‌లో ఒక్క మాట చెప్తే నలభై నిమిషాల్లో హెలికాప్టర్ వచ్చేది. చెప్తే ఓడ ఎక్కడుందో బయటపడుతుంది. అందుకని చెప్పలేదు. అవునా?"

కెప్టెన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "బతుకుతాడనుకున్నాం."

అప్పుడు అక్క అడిగింది. "వాడేమన్నాడు?"

"వద్దులెండి."

"చెప్పండి."

"మా అక్క స్క్రీన్ చూస్తూనే ఉంటుంది, కనిపెట్టేస్తుంది, మనుషుల్ని పంపిస్తుంది అన్నాడు. చివరిదాకా అదే అన్నాడు."

ఆమె లేచింది. ప్రింటు కింద సంతకం మీద వేలు పెట్టింది.

"ఇది నాది సార్. మంగళవారం డ్యూటీ నాదే. రెండు గంటలకే చూశాను, ముక్కు తిరగలేదని. ‘మా ఓడ సిగ్నల్ గురించి అడగకక్కా, నా ఉద్యోగం పోతుంది’ అని వాడు పోయిన నెల బతిమాలాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయని రాసి సంతకం పెట్టాను. అప్పటికి వాడు బతికే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగిపోయింది. నిన్నటి ప్రశ్న ఇప్పుడు అర్థమైంది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదమ్మా."

"వాణ్ని చంపినవాళ్లెవరినీ వదలనని శవం దగ్గరే వాడికి మాటిచ్చాను సార్. నా పేరు కూడా రాయండి. కింద ఎక్కడో కాదు. వాళ్ల పక్కనే."

అతను రాశాడు.

మూడు దాటింది. నీళ్లు వెనక్కి తీశాయి. స్క్రీన్ మీద ఓడలు ఒక్కొక్కటే ముక్కు తిప్పాయి. ఈసారి ఆ ట్యాంకర్ కూడా తిరిగింది.