మూడో శాంపిల్

“మళ్లీ వచ్చేరేటండీ?” అంది విజయ కుమారి.

హౌరా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్ వెనక మేకకి ఆకు వేస్తోందా పిల్ల. ఎదురుగా వానలో తడిసి ముద్దయిన సత్యానందం. కాకినాడ నుంచొచ్చి కలకత్తా బెల్గాచియాలో రిసెర్చ్ చేస్తున్నాడు. పశువుల్లో ఉండే బాక్టీరియా కొన్ని మనుషులకి జబ్బు చేస్తాయట. జబ్బు చేసే జీన్స్ వేటిలో ఉన్నాయో వెతకడం అతని పని. అందుకే దూదిపుల్లతో మేక పొదుగు తుడిచి తీసుకెళ్తాడు.

ఇవాళ బంద్. రైళ్లు లేవు. హౌరా నుంచి నడిచొచ్చాడు.

“రెండు శాంపిల్స్‌లోనూ బాక్టీరియా ఏమీ పెరగలేదండీ. నాకు పని రాదని మా సార్ తిట్టారు.”

ఆమె చేతిలోని ఆకు కింద పెట్టింది. అతనొచ్చే ముందు రెండుసార్లూ పొదుగుని డెట్టాల్‌తో కడిగేసింది తనే. ఏదైనా దొరికితే మేకని పట్టుకుపోతారని భయం. అన్నయ్య కూతురు ఆ పాల మీదే పెరుగుతోంది. నిన్నటి నుంచి ఆ పసిదానికి కడుపు బాగోలేదు. ఇప్పుడు భయం మేక గురించి కాదు.

“తప్పు నాదేనండీ. డెట్టాల్ పెట్టి కడిగీసేను. మా అన్నయ్య కూతురికి నిన్నట్నుంచి కడుపు బాగోలేదు. ఇవాళ కడగలేదు, తీసుకోండి.”

“తెలుసు. మొదటిరోజే వాసనొచ్చింది.”

“మరి అడగలేదేటి?”

“అడిగితే మళ్లీ రావడానికి ఏం ఉంటుంది?”

“అందుకని తిట్లు తిన్నారా?”

అతను తల దించుకుని దూదిపుల్ల తీశాడు. “ముందు పాపని డాక్టరుకి చూపించండి.”

వారం రోజులు వాన కురుస్తూనే ఉంది. పాప తేరుకుంది. విజయ కుమారికి మాత్రం ఏ రైలు కూత విన్నా అందులోంచి ఒక్కడే దిగుతున్నట్టుండేది. గోడ మీద పాకే తడిలో కూడా అతని నవ్వే కనబడేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చాడు.

“బాక్టీరియా ఉంది. జబ్బు చేసే జీన్స్ లేవు. పాలు మాత్రం బాగా మరిగించే పట్టండి.”

ఆమె తండ్రి యెషయా పేపరు పక్కన పెట్టాడు. “మా మేకకి ఇంకేటైనా పరీక్షలున్నాయా బాబూ?”

“మేకకి లేవండి.” సత్యానందం ఓ అడుగు ముందుకేశాడు. “మీ అమ్మాయి గురించి మాట్లాడదామని.”

విజయ కుమారి తెర వెనక్కి తప్పుకుంది. యెషయా కళ్లజోడు తీసి, తీరిగ్గా తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“కూర్చో. మీవోళ్లు ఏ సంఘం?”

ఏ చర్చి వాళ్లన్నది వాళ్ల ఇళ్లలో ఊరికే అడగరు, పెళ్లి మాటకే అడుగుతారు. తెర వెనక ఆమె అప్పుడు ఊపిరి పీల్చుకుంది.