షాంపూ ప్యాకెట్ల మిరపకాయలు

మోండా మార్కెట్ వెనక గల్లీల ఒక పాత కుట్టుమిషన్ల షాపున్నది. చీకటి పడ్డాక దాని ముందర్నుంచి ఎవ్వరు పోరు. షాపు నడిపే బాలమ్మ కౌంటర్ కాడ కూసున్నది కూసున్నట్టే పోయిందట. అప్పటి నుంచి శనివారం తెల్లారకముందు షటర్ లేచిన చప్పుడైతదట... పొద్దున చూస్తే తాళం వేసినట్టే ఉంటదట.

అందుకే కిరాయి తక్కువ. 2008ల అండ్ల ఆర్ట్ గ్యాలరీ పెట్టిన్రు.

ఇది మా పక్కింటి జ్ఞానశేఖర్ చెప్పిండు. విన్నప్పటి నుంచి నేను మోండాకు పగలే పోతున్న.

డిగ్రీ అయినంక శేఖర్ పద్నాలుగు నెలలు ఖాళీగున్నడు. ఆ గ్యాలరీల దొరికిందే మొదటి నౌకరి. ఎగ్జిబిషన్ షురూ అయ్యేలోపు ఒక్క బొమ్మ పోయినా నౌకరి పోతదని ముందే చెప్పిన్రు.

ఓపెనింగ్ శనివారం. శుక్రవారం రాత్రి కాపలా శేఖర్‌దే. షటర్‌కు లోపల్నుంచి తాళం ఏసి, చెవి జేబుల పెట్టుకున్నడు.

హాల్ల సబ్బు కాగితాలతోటి చేసిన సినిమా హీరో, కూల్‌డ్రింక్ మూతలతోటి చేసిన టీవీ... షటర్ లోపలి గుమ్మానికేమో ఆర్టిస్టు కాంతమణి మేడం చేసిన దిష్టి నిమ్మకాయ. నిమ్మకాయ పసుపుపచ్చ సబ్బుపొడి కవర్లతోటి. కింద మిరపకాయలు షాంపూ ప్యాకెట్లతోటి.

నాలుగింటికి కరెంటు పోయింది.

షటర్ లేచింది... మెల్లగ.

చెప్పుల చప్పుడు. దారం పుటుక్కున తెగిన చప్పుడు. తర్వాత — నిమ్మకాయ వాసన.

శేఖర్ హీరో వెనక నక్కి ప్రార్థన షురూ చేసిండు. మొదటి మాట తర్వాత ఏమొస్తదో యాదికి రాలే.

తెల్లారి చూస్తే షటర్‌కు తాళం వేసే ఉన్నది. గుమ్మానికి మాత్రం అసలు నిమ్మకాయ. ఇంకా తడిగున్నది.

కాంతమణి మేడం వచ్చి చూసింది.

"ఇయ్యాల శనివారం కద," అన్నది. "నిమ్మకాయలాయన పాతది తీసి కొత్తది కట్టిండు. పాతది చౌరస్తాల పడేస్తరు. పా, పోయి చూద్దాం."

చౌరస్తా నడిమిట్ల పడున్నది. ఆటోలు సుత తప్పించి పోతున్నయ్.

"తీయి శేఖర్."

"మీదే కద మేడం. మీరు తీయండి."

"చర్చికి పోయేటోడివి. గివన్ని నమ్ముతవా?"

"నమ్మను మేడం. ముట్టను సుత."

మేడం సుత ముట్టలే.

పక్కన చాయ్ బండి కాడ నిమ్మకాయల బుట్టతోటి ఒక ముసలాయన ఉన్నడు. పేరు భద్రయ్య. ఎన్కట గల్లీల షాపులన్నిటికి నిమ్మకాయలు ఆయనే కట్టేటోడట; పదేండ్లు సొంతూర్లె ఉండి, ఆ వారమే తిరిగొచ్చిండట. ఆయనే పోయి తీసిచ్చిండు.

"చేతికి తేలికున్నది... ఎండిపోయిందనుకున్న," అన్నడు.

నౌకరి దక్కింది. శేఖర్‌కు పానం లేచొచ్చింది.

"అయితే తాతా, లోపలికెట్లొచ్చినవ్? తాళంచెవి నా జేబులుండె."

భద్రయ్య చాయ్ ఊదుకున్నడు.

"నాకు చెవెందుకు బిడ్డా. ఎప్పటిలెక్కనే బాలమ్మ తీసింది. మనిషే జెర సన్నబడ్డది... ఏందీ, తిండి సరిగ్గ పెడ్తలేరా?"