ఖాళీ ఛానల్

మరమ్మతు రోజు కాబట్టి బట్టీ ఆపేశారు. ఫ్యాక్టరీలో చడీచప్పుడూ లేదు. మధ్యాహ్నం భోజనం ముగించి ఇంజనీరు కంట్రోల్ రూములో తీరుబడిగా కూర్చున్నాడు. కిటికీ లేని గది, చల్లటి గాలి, తెర మీద రంగురంగుల గీతలు. కునుకు తీయడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఒక్కో చోటి వేడిని తెచ్చే వైరుకి ఒక్కో ఛానల్, దానికో గీత. ఆ గీతలు గీసే యంత్రానికి ఉన్నది ఒకటే కన్ను. ఒక్కో ఛానల్‌నూ వంతులవారీగా చూసుకుంటూ పోతుంది. వైరు ఊడిన ఛానల్ దగ్గరికొచ్చేసరికి, అంతకుముందు చూసిన అంకె కాస్త అక్కడా అంటుకుంటుంది. దాన్ని 'నీడ' అంటారు. పని తెలిసినవాళ్లెవరూ పట్టించుకోరు.

ఆ తెలివే కొంప ముంచింది. కిందటి నెల తన బావమరిదిని ఊడిన వైరు బిగించమని బట్టీలోకి పంపింది ఈ ఇంజనీరే. వచ్చేసి ఉంటాడులే అనుకుని బట్టీ వెలిగించమన్నాడు. వైరు లేని ఛానల్లో వేడి పెరుగుతోంది, లోపల మనిషి బిగిస్తున్నాడేమో, ఆపమంటారా అని ఆపరేటరు ఫోన్ చేసి అడిగాడు. నీడలే, పట్టించుకోకు అన్నాడు. తలుపు తీసేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత విచారణలోనూ, ఇంట్లో పెళ్లాం దగ్గరా ఒకటే మాట చెప్పాడు: చెప్పకుండా లోపలికెళ్లాడని. తప్పు తమ్ముడిదేనని నమ్మి ఆ పిచ్చితల్లి గట్టిగా ఏడవను కూడా ఏడవలేదు. ఇంతకన్నా నీచం ఇంకోటుందా?

ఇప్పుడు ఆ ఛానల్ గీత లేచింది.

వైరు కాలిపోయాక దాన్ని మళ్లీ ఎవరూ బిగించలేదు. ఈ రోజు ఫ్యాక్టరీ మొత్తంలో వేడి అన్నదే లేదు. మరి దేని నీడ? ఇంజనీరు లేచి యంత్రం వెనక్కి వెళ్లి, ఆ ఛానల్ రెండు కొసలనూ తీగముక్కతో కలిపి బిగించాడు. అలా చేస్తే ఎంత మొండి నీడైనా సున్నాకి దిగాలి.

గీత ఎక్కుతూనే ఉంది...

దాని తర్వాత యంత్రం చూసేది కంట్రోల్ రూమునే. ఆ గీతా లేచింది. ఇది మాత్రం నీడే అనుకున్నాడు. మెడ మీద చెమట పట్టింది. ఎక్కడో రంగు కాలుతున్న వాసన... వెళ్లి తలుపు పిడి పట్టుకున్నాడు. అరచెయ్యి చుర్రుమంది. తలుపు కదల్లేదు.

ఆపరేటరుకి ఫోన్ కలిపాడు.

"ఈ గది రీడింగ్ చూడు... కాలిపోతోంది. వచ్చి తలుపు తియ్యి."

అవతల బాగా తెలిసిన గొంతు... మెల్లగా...

"నీడలే బావా. పట్టించుకోకు."

రిసీవరు జారిపోయింది.

"నేనే పంపాన్రా... మీ అక్కకి చెప్పేస్తాను..."



తెర మీద ఖాళీ ఛానల్ గీత నెమ్మదిగా దిగింది. దిగి, ప్రాణమున్న మనిషి ఒంటి వేడి దగ్గర ఆగింది. గది గీత ఒక్కటే ఇంకా ఎక్కుతోంది...