బిగబట్టిన ఊపిరి

పుంగనూరులో ఆ రోజు గుండె పరీక్షల క్యాంపు. కల్యాణమండపంలో పెళ్లికూతురి గదినే గుండె స్కానింగు తీసే ఎకో గదిగా మార్చారు. మధ్యాహ్నం నుంచి ముసురు. తడిసిన గోడల వాసన, ఎప్పటివో వాడిన మల్లెల వాసన కలిసి గదిలో కమ్ముకుని ఉన్నాయి. మదనపల్లె నుంచి ఎకో మిషన్ తెచ్చిన టెక్నీషియన్ మెహ్‌నాజ్ పొద్దుటి నుంచి గుండెలు చూసి చూసి అలసిపోయింది.

తంబళ్లపల్లె దగ్గరి పల్లె నుంచి చెంగమ్మ అనే ముసలామె వచ్చింది. మనవరాలు సుష్మ చెయ్యి పట్టుకుని నడిపించింది.

"నిన్నటి నుంచి ఒకటే ఆయాసమక్కా. సెమటలు పోస్తాండాయి," అంది సుష్మ.

మెహ్‌నాజ్ ముసలామెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జెల్లు రాసి, ఎద మీద ప్రోబు ఆనించింది. తెర మీద గుండె బలహీనంగా కొట్టుకుంటోంది. బొమ్మ సరిగా రాలేదు.

"ఊపిరి పీల్చుకో అవ్వా... అట్లే బిగబట్టు."

చెంగమ్మ నిండుగా పీల్చింది. అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ వేయమని మెహ్‌నాజ్ కేకేసింది. అది ఎంతకీ అందుకోలేదు. విసుక్కుంటూ వరండాలోకి వెళ్లి, అరిచి, లైటు వెలిగాకే తిరిగి వచ్చింది.

ముసలామె ఎద పొంగినది పొంగినట్టే ఉంది.

వదలమని చెప్పడమే మరిచింది తను. కానీ... ఇంతసేపా?

ప్రోబు మళ్లీ ఆనించింది. తెర మీద గుండె కొట్టుకోవడం లేదు. సన్నగా వణుకుతోంది. అంతే. మిషన్ పాడైందేమోనని ప్రోబును తన ఎదకు ఆనించుకుంది. తన గుండె దడదడమంటూ కనిపించింది. మిషన్ బాగానే ఉంది.

చెంగమ్మ కళ్లు ఆమెనే చూస్తున్నాయి. శబ్దం లేకుండా పెదవులు కదిలాయి.

వదిలేదా...?

"వద్దు," అంది మెహ్‌నాజ్. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. "వద్దవ్వా... వదలద్దు."

మెహ్‌నాజ్ పిలిస్తే వచ్చి తెర చూసిన క్యాంపు డాక్టర్ ప్రమీల వెంటనే ముగ్గురినీ అంబులెన్స్ ఎక్కించింది. మదనపల్లె దాకా వాన. మెహ్‌నాజ్ చేతిలో ముసలామె చెయ్యి తడి మట్టిలా చల్లగా ఉంది. ఎద ఒక్కసారీ కిందికి దిగలేదు.

"అక్కా... మా అవ్వ ఊపిరి తీస్తాండాదా?" సుష్మ గుసగుసలాడింది.

"తీస్తాండాదిలే," అంది మెహ్‌నాజ్, మొహం తిప్పుకుని.

పెద్దాసుపత్రిలో నేరుగా యాంజియోగ్రామ్ గదిలోకి తీసుకుపోయారు. మణికట్టు దగ్గర నుంచి గుండెకు తీగ పంపుతుంటే మెహ్‌నాజ్, సుష్మ అద్దం ఇవతల నిలబడ్డారు. అప్పుడు తట్టింది మెహ్‌నాజ్‌కు... బొమ్మ తీసేటప్పుడు లోపల వాళ్లూ ఊపిరి బిగబట్టమంటారు, ఆనక వదలమంటారు!

"సార్! చెప్పద్దండి సార్!" అద్దం బాదింది. ఎవరూ తల తిప్పలేదు.

"ఇంక వదులమ్మా," అన్నాడు డాక్టరు.

చెంగమ్మ వదిలింది.

ఆ ఊపిరి ఆగలేదు. బుస్సుమని... వస్తూనే ఉంది. అంత దూరాన ఉన్న అద్దం లోపలి వైపు తెల్లగా మసకబారింది. ఇక ఏమీ కనపడలేదు. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత మానిటర్ చప్పుడు... నిలకడగా.

కాసేపటికి డాక్టరు నవ్వుతూ బయటికి వచ్చాడు. "పూడిక తీసి స్టెంటు వేసినాము. గండం గడిచింది."

స్ట్రెచర్ వచ్చింది. చెంగమ్మ హాయిగా ఊపిరి తీస్తోంది. సుష్మ ఏడుస్తూ, "అవ్వా!" అని మీద పడింది. ఆమె మనవరాలి వైపు చూడనైనా లేదు. మెహ్‌నాజ్ కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మెహ్‌నాజ్ వాళ్ల ఇళ్లలో మాట్లాడే ఉర్దూలో, మెల్లగా చెప్పింది:

"ఆ తలుపు మూయించు బిడ్డా. నా వెనకాలే ఇంకొకరు వస్తున్నారు."

"అక్కా..." సుష్మ వెనక్కి జరిగింది. "మా అవ్వకు ఉర్దూ రాదే!"

మెహ్‌నాజ్ తల తిప్పి చూసింది. స్ట్రెచర్ వచ్చిన గది ఖాళీగా ఉంది. వదిలేస్తే దానంతటదే మూసుకునే స్ప్రింగు తలుపు అది.

ఎవరో పట్టుకున్నట్టు... బార్లా తెరిచే ఉంది.