నీలం బస్సు, పసుపు సీట్లు

కంటికి భూతద్దం లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. అందుకే అసలు పేరు ఎటో పోయి, భూతద్దం అన్న పేరే మిగిలింది. పోతపోసిన పాతకాలపు లోహపు బొమ్మబళ్ళు అతని లోకం. ఒకే అచ్చులో పోసిన బస్సుకి ఒక ఏడాది చక్రాలు మారతాయి, ఇంకో ఏడాది రంగు మారుతుంది. ఏది ఫ్యాక్టరీలోనే అలా తయారైందో, ఏది తర్వాత ఎవడో విప్పి మార్చాడో అతను చెప్పాలి. అతను రాసిన పుస్తకంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ గర్వం అతనికి తలకెక్కి చాలాకాలమైంది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. పనిగది తలుపు తోసుకుని వదిన వచ్చింది. గొడుగు కూడా ముడవకుండా, కొంగున కట్టిన నీలం బస్సొకటి తీసి బల్లమీద ఠక్కున పెట్టింది.

"సీట్లు చూడు."

చూశాడు. పసుపు. నీలం బస్సుకి ఎప్పుడూ ఎర్రసీట్లే.

"పుస్తకంలో రాశాను కదా వదినా. పసుపు సీట్లవన్నీ నకిలీ. ఎవరో మార్చినవి."

"ఎవరూ మార్చలేదు. ఆ ఒక్కరోజే ఎర్ర ప్లాస్టిక్ అయిపోయి మీ అన్న పసుపువి బిగించాడు. కిటికీలోంచి లారీ డ్రైవరుకి ఇది అందించి, మా తమ్ముడికివ్వు అన్నాడట. కంపెనీకి భయపడి ఆ డ్రైవరు పంతొమ్మిదేళ్ళు దాచుకున్నాడు. మొన్న పోయేముందు నన్ను పిలిచి ఇచ్చాడు."

ఆ రోజంటే అన్న పనిచేసే బొమ్మల కంపెనీ షెడ్డు తగలబడిన రోజు. ఆ రోజు సెలవు, లోపల పురుగు కూడా లేదు అని కంపెనీ చెప్పింది. బూడిద ఎత్తిందీ కంపెనీ మనుషులే. మీ ఆయన పనికే రాలేదమ్మా, ఎటో పోయుంటాడు అన్నారు. అప్పట్నుంచీ ఆవిడ ఊరి నోట్లో మొగుడు వదిలేసిన మనిషి.

"దీన్ని పట్టుకెళ్ళి అడిగితే కంపెనీవాళ్ళు నీ పుస్తకమే నా మొహాన కొడుతున్నారు. పసుపు సీట్ల బస్సే లేదట, కాబట్టి ఆ రోజు పనే జరగలేదట. తోడబుట్టినవాడే రాశాడమ్మా అని నవ్వుతున్నారయ్యా!" వదిన గొంతు వణికింది. ఏడుపు కాదది, కోపం. "మందులషాపుకి వెళ్ళొస్తాను. వచ్చేసరికి తప్పు రాశానని కాగితం మీద రాసి ఉంచు."

తలుపు దడాలున వేసి వెళ్ళింది.

భూతద్దానికి ఒళ్ళు మండింది. తన తప్పును తనకు చెప్పడానికి ఈవిడెవరు? బస్సు తిరగేసి అడుగున ఉన్న రివెట్ చూశాడు. అడుగురేకుని పైభాగానికి పట్టి ఉంచేది అదొక్కటే. దాన్ని తొలవకుండా సీట్లు మార్చడం ఎవడి తరమూ కాదు. ఈ రివెట్‌ని ఎవరూ తాకలేదు. ఫ్యాక్టరీలో ఎలా నొక్కారో అలాగే నున్నగా ఉంది.

నిజానికి ఇలాంటిది అతను ఇదివరకే ఒకటి చూశాడు. పుస్తకం రాసే రోజుల్లో, కంపెనీ యజమాని తన నమూనాల బీరువా తెరిచి పెట్టి, పసుపు సీట్ల సంగతి మాత్రం వదిలెయ్యండి అన్నాడు. వదిలెయ్యడమేమిటి, ఏకంగా నకిలీ అని రాసేశాడు ఈ మహానుభావుడు. అన్నకంటే బీరువా ఎక్కువైంది.

ఇప్పుడు చేసింది ఇంకా పాపిష్టి పని. చిన్న డ్రిల్లు తీశాడు. ఒకసారి రివెట్ తొలిస్తే, ఇది మార్చిన బస్సు కాదని ఇక ఎవరూ రుజువు చెయ్యలేరు.

డ్రిల్లు గుర్రుమంది. వెండిపొట్టు రాలింది. అడుగురేకు ఊడి చేతిలోకి వచ్చింది.

ముందు వాసన వచ్చింది. కొలిమిలో మాడుతున్న రంగు వాసన. అన్న పనినుంచి వచ్చినప్పుడు చొక్కాకి ఉండే వాసనే... కానీ ఘాటుగా, గొంతు పట్టేసేలా. వాన చల్లదనం ఏమైందో, గదిలో ఉక్క మొదలైంది.

సీట్ల పలకను చిన్న పట్టకారుతో ఎత్తాడు. దాని అడుగున మేకుతో గీకిన అక్షరాలు. భూతద్దం దగ్గరగా పెట్టి చదివాడు.

తమ్ముడూ, ఎనిమిది మందిమి. తాళం బయట.

చిన్నప్పుడు ఏ బొమ్మ ఇచ్చినా విప్పిగాని వదిలేవాడు కాదు. వీడి చేతిలో పడితే ఏదీ మూసి ఉండదు అని అన్న మురిసిపోయేవాడు. ఆ నమ్మకంతోనే గీకాడు. తమ్ముడు విప్పుతాడని.

గోడలోంచి వేడి కొట్టింది. లేచి తలుపు లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. బయట ఇనుము ఇనుముకి తగిలి కణకణమంది.

ఆ తలుపుకి బయట తాళం వేసే వీలే లేదు...

"రాయరా."

చెవి పక్కనే. అన్న గొంతు. అన్న ఎప్పుడూ తమ్ముణ్ణి కసరలేదు. ఈ గొంతులో ప్రేమ లేదు. పంతొమ్మిదేళ్ళ కోపం ఉంది.

"అన్నా... రాస్తాను..."

కాగితం అందుకున్నాడు. చెమట కారి సిరా అలుక్కుపోతోంది. పసుపు సీట్ల బస్సు అసలుదే. ఆ రోజు షెడ్డులో పని జరిగింది. మా అన్నతో కలిపి ఎనిమిది మంది లోపల ఉన్నారు. బయట తాళం వేశారు. తెలిసే అబద్ధం రాశాను. కింద సంతకం పెట్టాడు.

బయట అడుగుల చప్పుడు.

"వదినా!" కాగితం తలుపు కిందనుంచి తోశాడు. "రాశాను... తలుపు తియ్యండి..."

వదిన కాగితం అందుకుంది. ఆసాంతం చదివింది. అక్షరం అక్షరం ఆవిడ గొణగడం అతనికి వినబడుతూనే ఉంది.

"ఇన్నాళ్ళకి నీ చెయ్యి కదిలిందన్నమాట," అంది చివరికి. తర్వాత, "ఈ తాళమేంటయ్యా? ఇంత పెద్ద తాళం ఎప్పుడు కొన్నావు?"

తాళం కదిలింది. ఆ వెంటనే, "అమ్మా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. "కాలుతోందిది..."

తర్వాత ఆవిడ గొంతు తలుపు సందు దగ్గరకి వచ్చింది. గుసగుసగా అడిగింది.

"లోపల అంతమంది ఎవరయ్యా దగ్గుతున్నారు?"

భూతద్దం అప్పటిదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు.