విమానం టికెట్లతో సహా

“నువ్వు ఓడెక్కాలి,” అన్నాడు బాబాయి, లైటు ఆర్పి ప్రొజెక్టర్ వేస్తూ.

పాదరసం అప్పటికే రెండుసార్లు కుర్చీ మారాడు. ఒకచోట కుదురుగా కూర్చోవడం అతని వల్ల కాదు. డిపార్ట్‌మెంటు అతనికి ఆ కోడ్‌నేమ్ ఊరికే పెట్టలేదు. డ్రైక్లీనింగ్ షాపు మీద ఉన్న ఆ గదికి కిటికీ లేదు. కింద ఇస్త్రీ ఆవిరంతా పైకొచ్చి, ఎంత గొప్ప రహస్యమైనా తడిబట్టల వాసనే వేసేది. డిపార్ట్‌మెంటులో అందరూ చీఫ్‌ని బాబాయి అనే పిలుస్తారు. ఆయన అసలు పేరేమిటో పెన్షన్ వాళ్ళకే తెలియాలి.

గోడ మీద ఒక బట్టతల పెద్దమనిషి నవ్వుతున్నాడు.

“టార్గెట్. సబ్‌మెరైన్ల ఇంజనీరు. ఇంజన్ చప్పుడు బయటికి పొక్కకుండా సబ్‌మెరైన్ని నడిపే ఉపాయం కనిపెట్టాడు. కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు. అంతా బుర్రలోనే. విదేశీ ముఠాకి ఆ బుర్ర కావాలి.”

“ఎత్తుకుపోతారా?”

“చక్కగా టికెట్ ఇచ్చి తీసుకుపోతారు. ఒక ట్రావెల్ ఆఫీసు లక్కీ డ్రాలో ఆయనకి దీవుల క్రూయిజ్ తగిలింది. విమానం టికెట్లతో సహా. డ్రాలో తన పేరు ఎవరు వేశారని కూడా ఆలోచించకుండా పెట్టె సర్దేసుకున్నాడు మహానుభావుడు.”

గోడ మీద బొమ్మ మారింది. నీలం చీర, పొడుగాటి మెడ, లోకమంతా తన కౌంటరు ముందు క్యూ కట్టిందన్నట్టు చూపు. పాదరసం కాలు ఊపడం మానేశాడు.

“ఆ ఆఫీసు మేనేజర్. కోడ్‌నేమ్ నెమలి. డబుల్ ఏజెంట్. జీతం ఇద్దరి దగ్గరా, సమాచారం మనకి. మూడో దీవి దగ్గర ఇంజనీరుని ఓడలోంచి పడవలోకి దించుతారని చెప్పింది. అక్కడే అందర్నీ పట్టుకోవాలి. నువ్వు ఆయన ప్యాకేజీలోనే వెళ్ళు. మనవాళ్ళని తీసుకుని ఓడ బయల్దేరే రేవుకి నేను ముందే పోతున్నాను.”

“ఒంటరి మగాడు క్రూయిజ్ బుక్ చేస్తే అనుమానం రాదూ?”

“అందుకే మీ ఆవిణ్ణి తీసుకెళ్ళు. నిజం పెళ్ళాం ఇంట్లో ఉండగా నకిలీ పెళ్ళాన్ని పెట్టుకోవడానికి డిపార్ట్‌మెంటుకేం పట్టింది?”

పాదరసం మూడోసారి కుర్చీ మారాడు. భార్య దృష్టిలో అతను నీటిపంపుల కంపెనీలో సేల్స్ మనిషి. పెళ్ళయిన కొత్తలో సముద్రయానం అని నోరు జారాడు. అప్పట్నుంచీ ఏటా ఆవిడ బ్రోషర్లు తెచ్చేది, గదులు ఎంచేది, ఎక్కినవాళ్ళ వీడియోలూ దిగినవాళ్ళ తిట్లూ అన్నీ చూసేది. ఏటా సరిగ్గా డబ్బు కట్టే ముందు అతను తలుపు దగ్గర నిలబడి, “ఏం చెయ్యమంటావు, అర్జెంటు పని పడింది,” అనేవాడు. ఆవిడ బ్రోషర్లన్నీ మళ్ళీ బీరువా మీదికి చేర్చేది. ఒక్కసారైనా పోట్లాడి ఉంటే అతనికి అంత సిగ్గేసేది కాదు.

ఆ సాయంత్రం సంగతి చెప్పగానే ఆవిడ స్టవ్ కట్టేసి, “నిజంగానా?” అని ఒక్క మాట అంది. ఆ మొహం చూసి అతనికి ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. లేని పని కల్పించుకుని వీధిలోకి పోయాడు.

మర్నాడు ట్రావెల్ ఆఫీసులో ఏసీ గుయ్‌మంటోంది. గోడల నిండా నీలి నీళ్ళ పోస్టర్లు. నెమలి ఫొటోలో కన్నా బాగుంది. పాదరసం నల్లద్దాలు సర్దుకున్నాడు. వాటి కమ్మీలో కెమెరా ఉంది.

“సముద్రం కనపడని గది ఉందా?” అన్నాడు. అది కోడ్.

“అలాంటి గదిలో నిద్ర బాగా పడుతుందండీ,” అంది నెమలి. అది జవాబు.

“అదేం కోరికండీ?” అంది భార్య. “ఇంత డబ్బు పోసి గోడ చూడ్డానికా? బాల్కనీ గది చూడమ్మా. ఇంజన్ పక్కన వద్దు, లిఫ్టు పక్కన వద్దు. ఓడ మధ్యలో అయితే ఊపు తక్కువ.”

కోడ్ సంభాషణ అక్కడితో గాలికి పోయింది. భార్య కుర్చీ దగ్గరికి లాక్కుని అసలు బేరంలో పడింది. సామానెంత బరువుండొచ్చు? దీవుల్లో దిగి తిరిగే ఖర్చు ఇందులోదేనా? తిరుగు విమానం ఏ ఊరినుంచి? నెమలి నవ్వుతూనే ఉంది కానీ, వేళ్ళు బల్ల మీద తాళం వేస్తున్నాయి.

“మన విమానం ఆలస్యమైతే ఓడ ఆగుతుందా?”

“ఓడ ఎవరికోసమూ ఆగదండీ.”

బయటికొచ్చాక భార్య ఫుట్‌పాత్ మీద ఆగిపోయింది. “విమానం మనంతట మనం కొనుక్కుంటే ఆగదు. వాళ్ళే టికెట్లిస్తే, ఆగుతుంది, లేకపోతే తర్వాతి రేవుకి వాళ్ళ ఖర్చుతో చేరుస్తారు. విమానంతో సహా అనేదే అందుకు. అమ్మే పిల్లకి ఆ మాత్రం తెలీదా?”

“కొత్త పిల్ల అయ్యుంటుంది,” అన్నాడు పాదరసం. అతను నెమలి చెవిదుద్దుల్లో మైక్రోఫోన్ ఉందా అని ఆలోచిస్తున్నాడు. అంత శ్రద్ధగా వాటినే చూడటానికి అది ఒక కారణం మాత్రమే.

బయల్దేరే రోజు డిపార్ట్‌మెంటు అతన్ని పూర్తిగా సముద్రానికే తయారుచేసి పంపింది. బూటు మడమలో ట్రాన్స్‌మిటర్, ఓడ రేడియోకి కలిపితేనే పనిచేస్తుంది. చొక్కా కింద పలచటి రబ్బరు జాకెట్, తాడు లాగితే క్షణంలో ఉబ్బి మనిషిని నీళ్ళమీద తేలుస్తుంది. విమానంలో వాడేది ఒక్కటీ ఇవ్వలేదు. అందరి ధ్యాసా ఓడ మీదే.

ఎయిర్‌పోర్టులో వీళ్ళది ప్యాకేజీ వాళ్ళకి ప్రత్యేకంగా మాట్లాడిన చిన్న విమానం. భార్య పెద్ద పెట్టెకి ఎర్ర రిబ్బను కట్టింది. ఇన్నేళ్ళుగా ఒక్కొక్కటే కొని దాచిన బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. కౌంటరు అమ్మాయి దానికి చీటీ అతికించి బెల్టు మీదికి తోసింది.

“ఓడ గది నంబరు ట్యాగ్ కట్టలేదేం?” అంది భార్య. “పెట్టె విమానంలోంచి తిన్నగా గదికి పోవాలి కదా?”

“ఓడ సంగతి మాకు తెలీదమ్మా. ఇది చార్టర్ ఫ్లైట్.”

“మరి పెట్టె వెళ్ళిపోయి మనిషి దిగబడిపోతే?”

“అలా జరగదమ్మా. పెట్టె ఎక్కి మనిషి ఎక్కకపోతే, పెట్టె దించేదాకా విమానం కదలదు. ఎవరి విమానమైనా సరే.”

భార్య ఇంకేమీ అడగలేదు. ఆవిడ ప్రశ్నలు ఆపడం అదే మొదలు. పాదరసం అది గమనించాల్సింది. కానీ ముందు ఇంజనీరు, పక్కన గైడుగా వచ్చిన నెమలి, అతని కళ్ళు రెండే.

మెట్ల దగ్గర భార్య ఆగింది. “మీరు ఎక్కుతుండండి, వాష్‌రూముకి వెళ్ళొస్తాను.”

లోపల ఇంజనీరు పక్కన సీటు. పెద్దాయన అప్పుడే చెప్పులు విప్పేసి, “మొదటి దీవిలో తాబేళ్ళుంటాయటండీ,” అని మురిసిపోతున్నాడు. మిగతా ప్రయాణికులంతా మగవాళ్ళు, కండలు తిరిగినవాళ్ళు. అందరివీ కొత్త టోపీలు. రెండిటికి ధర చీటీలు ఇంకా వేలాడుతున్నాయి. పాదరసం ఒక్కచోట ఉండలేకపోయాడు. లేచాడు, కూర్చున్నాడు, బెల్టు పెట్టాడు, తీశాడు.

ఫోన్ మోగింది. భార్య మెసేజ్.

‘పెట్టెకి ఓడ ట్యాగే లేదు, అంటే అసలు ఓడే లేదు. టికెట్ల మోసం. కంప్లైంటు ఇవ్వడానికి పోతున్నాను. నా పెట్టె లోపలుంది, నేను బయటున్నాను, విమానం ఎలా కదులుతుందో చూస్తాను. మీరు దిగండి. ఆ బట్టతల పెద్దాయన్ని కూడా దింపండి, పాపం.’

పాదరసానికి అప్పుడు తెలివొచ్చింది. ఓడ లేదు, మూడో దీవి లేదు. ఈ విమానం లేస్తే శత్రుదేశంలోనే దిగుతుంది. బాబాయి మనుషులంతా ఎక్కడో రేవులో సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు. నెమలి తినేది రెండు జీతాలైనా, పని చేసేది ఒక్కరికే.

“మీ ఆవిడ ఎక్కడ?” చెవి దగ్గర నెమలి గొంతు.

“కడుపు నొప్పి.”

“పిలవండి.”

“పిలిస్తే తగ్గుతుందా?”

పైలట్ స్పీకర్లో గొణిగాడు: ప్యాసింజర్ తక్కువ, పెట్టె దించాలి, టవర్ అనుమతి ఇవ్వడం లేదు. నెమలి దవడ బిగిసింది. కిటికీలోంచి చూస్తే కూలీలు పెట్టెలన్నీ ఒక్కొక్కటే బయటికి లాగుతున్నారు. ఎర్ర రిబ్బను కనపడటం లేదు. ఇంకా అడుగున ఉండాలి అని పాదరసం మొక్కుకున్నాడు.

మొక్కు ఎక్కువసేపు ఫలించలేదు. రిబ్బను బయటికొచ్చింది.

“తలుపు వెయ్యండి!” అంది నెమలి.

పాదరసం ఇంజనీరు రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. “దిగండి సార్, తాబేళ్ళు ఇటు!” పెద్దాయన చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు. టోపీలన్నీ ఒక్కసారే లేచాయి. తలుపు మూసుకుంటోంది. నెమలి హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి అతని పక్కటెముకలకి ఆనించింది. అందులో ఒక్క తూటా పడుతుందని ట్రైనింగులో చెప్పారు.

“కదలకు.”

కదలకుండా ఉండటం పాదరసానికి ఎప్పుడూ చేతకాలేదు. తాడు లాగాడు.

రబ్బరు జాకెట్ బుస్సుమని ఉబ్బింది. చొక్కా గుండీలు ఎగిరిపోయాయి. లిప్‌స్టిక్ పైకి లేచి, తూటా కప్పులో దిగబడింది. అతను తలుపు సందులో బిరడాలాగా ఇరుక్కుపోయాడు. తలుపు మూసుకోదు, అతను ఊడిరాడు. అతని కాళ్ళ మధ్యనుంచి ఇంజనీరు పాకుతూ మెట్ల మీదికి జారాడు.

కింద సెక్యూరిటీ జీపు ఆగింది. ముందు సీట్లోంచి భార్య దిగి, నెమలి వైపు వేలు చూపించింది. “ఆవిడేనండీ! లేని ఓడకి టికెట్లమ్మింది!”

గంటలోపు టోపీలన్నీ బేడీలతో వరసలో కూర్చున్నాయి. సెక్యూరిటీ గదిలో బాబాయి ఫోన్ స్పీకర్లో కేక పెట్టాడు. “పాదరసం! ఇక్కడ ఓడ అనేదే రాలేదేమిటి?”

భార్య ఫోన్ వైపు చూసింది. తర్వాత చిరిగిన చొక్కాలోంచి పొంగుతున్న రబ్బరు వైపు చూసింది.

“పంపుల కంపెనీలో ఇలాంటివి కూడా అమ్ముతారా?”

పాదరసం అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే. ఆవిడ అంతా విని, చివర్న సెక్యూరిటీ ఆఫీసరుని అడిగింది: “నా పెట్టె ఎప్పుడిస్తారు?”

“కేసు తేలేదాకా అది సాక్ష్యమమ్మా. ఇవ్వడానికి లేదు.”

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళ ముచ్చట సీలు వేసి బీరువాలో పెడుతున్నారు. పాదరసం ఆ సీలు వైపు చూడలేకపోయాడు. తూటా తగిలినా ఇంత బాధ ఉండేది కాదనుకున్నాడు.

“మెట్ల దగ్గరే నన్ను పక్కకి పిలిచి చెప్పి ఉంటే… వేరే దారి చూసేవాణ్ణి. నీ ప్రయాణం నీ చేత్తోనే కేన్సిల్ చేసుకున్నావు.”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, అచ్చం అతను ఏటా నిలబడినట్టే తలుపు దగ్గర నిలబడింది.

“ఏం చెయ్యమంటారు,” అంది, “అర్జెంటు పని పడింది.”